పాయలాకు

ఫ్రిజ్ తలుపుకు అంటించిన కాగితం అరబ్బీలో ఉండాది.
నాకు చదవను రాదు.
మామా చదివి చెబుతాది, మాటకొక తిట్టు కలిపి:
పొద్దున మూడు ఖర్జూరాలు, అంతే.
నెయ్యి బంద్. తెల్లన్నం పిడికెడు.
ఎండ ముదరకముందే అర్ధగంట బయట తిరగాల.
"మూడంట, ఉబ్లా, మూడు!
మా నాయన తోటలో చెట్టు కింద కూర్చొని
లెక్క లేకుండా తిన్నదాన్ని."

ఓబుళమ్మ ఆమె నోట్లో ఉబ్లా అయ్యి
ఇరవై రెండేండ్లు.

జహ్రాలో ఏప్రిల్ నెల.
తెల్లారి ఐదుకే చక్రాల కుర్చీ తోసుకుంటా
పాత తోటల పక్కన పోతాం.
సగం తోటలు మిద్దెలైపోయినాయి.
మిగిలిన సగంలో
పైపులు కారిన చోటల్లా తడి మచ్చలు.
కూకుడుగువ్వ దిగిందంటే
ఇంక దుప్పట్లు మడిచిపెట్టు అంటాది మామా.

ఒకనాడు "ఆగు, ఆగు" అని నా చేతి మింద కొట్టింది.
"బర్బీర్!" అనింది.
"పాయలాకు!" అన్నాను నేను.
ఆకు ఇద్దరికీ పలకలేదు.
ఎర్రటి కాడలు నేలంతా పరిచి
తడి తాగుతా ఉండాది.

నా మోకాళ్లు వంగవు.
ఆమె కాళ్లు లేవవు.
కాసేపు ఆకును చూస్తా ఉండిపోయినాం,
అంగడి అద్దం బయట పిలకాయల మాదిరి.
ఆనక ఆమె కుర్చీ చెయ్యి బట్టుకొని లేచింది.
ఏడు నెలలు డాక్టరు బతిమాలినా లేవని మనిషి.
ఇద్దరం కూలబడి ఒడినిండా గిల్లినాం.
గిల్లినాక చూస్తే లేచే దారి లేదు.
నవ్వితే ఇంకా లేవలేకపోయినాం.
తోటలో పనిచేసే మొతాలెబ్ వచ్చి
గోనెమూటలు ఎత్తినట్టు
ఒకరి తర్వాత ఒకర్ని లేపినాడు.

ఆ మధ్యాన్నం కందిపప్పులో పాయలాకు,
చింతపండు రవ్వంత, ఎల్లిపాయలు నాలుగు.
మాలియాలో కొన్న రాగిపిండితో సంగటి.
"ఇది ఒంటెలకు పెట్టేది కదా" అనింది ముద్దను చూసి.
అంటానే బొటనేలితో గుంట జేసి
పప్పు పోసుకొనింది.
ఎవరు నేర్పినారో.

నేను మాత్రం వంటింట్లో నిలబడే
పిల్లోళ్లు వదిలిన తెల్లన్నం, కోడితోలు,
నాలుగు చెంచాల చక్కెర టీ.
ఈ ఇంట్లో ఎవరి మాత్ర ఏ గంటకో నాకు తెలుసు.
నా ఒంటి సంగతి ఎవరూ అడగలా.
నేనూ అడగలా.

మామా గడపలో నిలబడి చూసింది.
"వేలు ఇయ్యి."
"ఎందుకు మామా?"
"ఇయ్యి."
సూది చురుక్కుమనింది.
ఆమెకు తొమ్మిది చూపించిన మిషను
నాకు పదహారు చూపించింది.
ఆమె తిట్టలేదు. అదే భయమేసింది నాకు.
పెన్ను తీసుకొని ఫ్రిజ్ కాగితం మింద
తన పేరు పక్కన ఏందో గీకింది.
"ఏంది మామా అది?"
"నువ్వు."

ఇప్పుడు కుర్చీని ఇద్దరం తోస్తాం.
అందులో ఆకుమూట, నీళ్ల సీసా, ఆమె చెప్పులు.
ఇసక సల్లగా ఉన్నంతసేపూ
ఉత్తకాళ్లతో నడస్తాదంట.
టీ సప్పగా తాగి ఇద్దరం మొగం మాడ్చుకుంటాం.
ఒక్కోరోజు ఆమె దిండు కింద ఖర్జూరపు గింజలు దొరుకుతాయి.
మూడు కాదు, ఎనిమిది.
నేను చూడనట్టే పారేస్తా.
నా పెట్టెలో కారపు మిక్చరు
ఆమె చూడలేదనుకుంటా.

నిన్న మలుపు కాడ నాకు కండ్లు తిరిగినాయి.
"కూర్చో" అనింది.
"యాడ?"
కుర్చీ చూపించింది.
ఆకుమూట ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను.
మామా తోసింది.
పోయే కారు ఒకటి హారను కొడితే
చెయ్యి ఊపి వాళ్ల తాతముత్తాతలను తలుచుకొనింది.
పదడుగులు. లెక్కబెట్టినాను,
ఖర్జూరాలు ఆమె లెక్కబెట్టే మాదిరి,
ఒక్కోటి ఆపి ఆపి.

పదకొండో అడుగుకు
చక్రం ఇసకలో దిగబడింది.
దిగి, ఇద్దరం లాగినాం.